గిటారు ముద్దగా పలుకుతోంది

నమోదు 1

గిటారు ముద్దగా పలుకుతోందట. ఇది సంఘం వారు కనిపెట్టిన సంగతి. నిన్న హాల్లో కొత్త స్పీకరు పెట్టె బిగించి, చామంతి చేత ఒక వరస మీటించగానే సంఘం పెద్ద జోగినాయుడు ముందు తన చెవి తట్టుకున్నాడు, తరవాత పెట్టె తట్టాడు, ఆ తరవాత నా భుజం తట్టి లోపం ఏమిటో తేల్చమన్నాడు. తేలేదాకా రోజూ నమోదు రాయాలట. రాస్తాను, నాదేం పోయింది. సంఘంలో చదివే అలవాటున్న మనిషి లేడు కాబట్టి మొహమాటం లేకుండా రాస్తాను.

నా పేరు డిల్లేశ్వరరావు. లోతువలసలో శబ్దానికి సంబంధించిన పనులన్నీ నావే. వినడానికి గొప్పగా ఉంటుంది గానీ, పొద్దున లేస్తే నేను చేసేది జనం చెవిబిళ్ళల్లో గులిమి తీయడం. సముద్రం అడుగున మేం పీల్చేది హీలియం కలిపిన గాలి. ఆ గాలిలో మనిషి నోరు తెరిస్తే బాతు అరిచినట్టుంటుంది. చెవిలో ఉన్న బిళ్ళ ఆ బాతు గొంతుని కిందికి దించి, మనిషి గొంతు చేసి లోపలికి పంపుతుంది. మా నాన్న గొంతు, మా అమ్మ గొంతు, నా గొంతు అన్నీ నాకు బిళ్ళ చెప్పినవే. ఇంత పని చేసే వస్తువుని కాస్త శుభ్రంగా ఉంచుకోవచ్చు కదా. ఉంచుకోరు. గులిమి పేరుకున్నాక నా దగ్గరికి తెచ్చి, బిళ్ళ పాడైంది మార్చమంటారు.

ఇవాళ గిటారు జోలికి పోలేదు. గులిమితోనే సరిపోయింది.

నమోదు 2

అసలు ఈ స్పీకరు పెట్టె పీడ ఎందుకు వచ్చిందో రాయాలి.

మాకు పాటలు గాల్లో మోగవు, నేరుగా బిళ్ళల్లోకే వస్తాయి. ఒక్కో బిళ్ళకి ఒక్కోలా ఆలస్యంగా చేరతాయి. ఒంటరిగా వినేవాడికి ఆ తేడా ఎలా తెలుస్తుంది? పోయినేడు, మా పెద్దలు మొదట ఇక్కడికి దిగిన రోజు పండుగలో తెలిసింది. ఊరంతా ఒకరి నడుము వెనక ఒకరు చెయ్యేసి థింసా ఆటకి గొలుసు కట్టారు. ఒకడి చెవిలో దరువు పడ్డాక రెండోవాడి చెవిలో పడింది. ఒకడి కాలు లేచేసరికి పక్కవాడి కాలు దిగుతోంది. గొలుసు మెలికపడి, మెలిక కుప్పయి, ఆ కుప్ప అడుగున జోగినాయుడు తేలాడు. ఆయన తుంటి ఇప్పటికీ సరిగ్గా నిలవదు. నేను మాత్రం బాగా నవ్వుకున్నాను.

అందుకని ఈ ఏడు పాట గాల్లోనే మోగాలని, అందరికీ ఒకేసారి వినబడాలని సంఘం తీర్మానం. ఈసారీ థింసా చెడితే, బిళ్ళల్లోకి పాటలు పంపే పాటల గది ఎత్తేసి, అందులో గాలి వడకట్టే డ్రమ్ములు పెడతారట. గిటారు వాయించే చామంతిని కడుగుడు షెడ్డుకి పంపుతారట. సముద్రం అడుగు నుంచి ఏరుకొచ్చిన లోహపు గడ్డల్ని మంచులాంటి నీళ్ళలో కడిగే చోటు అది. ఆ నీళ్ళలో చేతులు పెట్టినవాళ్ళ వేళ్ళు మొద్దుబారతాయి, మళ్ళీ వేడెక్కవు. అక్కడికి వెళ్ళాక చొక్కా బొత్తాం పెట్టుకోవడమే కష్టం. ఇక తీగ నొక్కడం మాట మర్చిపోవచ్చు.

చామంతి నా భార్య. ఈ సంగతి సంఘానికి తెలుసు. తెలిసే నమోదు రాయమన్నారు.

నమోదు 3

గిటారు తీగకి ఉన్న సన్నపు శబ్దాన్ని ఆంప్ మోడలరు అనే చిన్న యంత్రం పట్టుకుని, ఎప్పుడో భూమ్మీద వాడిన పాత ఆంప్లిఫయర్ల గొంతు తొడిగి, పెట్టెలోంచి బయటికి పంపుతుంది. అందులో వంద రకాల గొంతులున్నాయి. వందా ఒక్కసారే వాడాలనుకునే రకం నా భార్య.

శబ్దానికి ఊపు పెంచే గెయిను మీట చివరిదాకా తిప్పి ఉంది. అంత తిప్పితే ఏ తీగ ఏ మాట అంటోందో తెలియకుండా అన్నీ కలిసి గోల చేస్తాయి. సగానికి దించాను. చామంతి మూతి ముడుచుకుంది. కండ లేకుండా ఎముకలు వాయిస్తున్నట్టుందట. కండ సంగతి తరవాత చూద్దాం, ముందు ఎముకలు కనబడనీ అన్నాను.

శబ్దం కాస్త మెరుగుపడింది. కానీ ముద్ద ముద్దగానే ఉంది.

నమోదు 4

సంఘం వచ్చి విన్నది. ఊళ్ళో ప్రతివాడూ శబ్ద నిపుణుడే అని నాకు ఇవాళే తెలిసింది. ఒకాయన బేస్ పెంచమన్నాడు. ముద్దగా ఉన్నదాంట్లో ఇంకా ముద్ద వేయమనే ఆ సలహా విని ఆయనకి దణ్ణం పెట్టాను. ఇంకొకావిడ తీగలు కడగమంది. జోగినాయుడు మాత్రం సలహా ఇవ్వకుండా తన అభిప్రాయం చెప్పాడు.

"ఏటిరా డిల్లేసు ఇది, నోట్లో బూరి పెట్టుకుని మాటాడినట్టుంది."

నిజమే. కానీ నిజం చెప్పినంత మాత్రాన ఆయన మీద నాకు గౌరవం పెరగదు.

వాళ్ళు వెళ్ళాక బేస్ తగ్గించాను. పెట్టెలోకి చేరకముందే అడుగు స్వరాల్ని ఒక గీత దగ్గర కోసేశాను. చెక్క గదుల్లో పనికొచ్చే ప్రతిధ్వని ఈ ఇనుప హాల్లో దండగ కాబట్టి దాన్నీ ఆపేశాను. ఇప్పుడు గిటారు పక్క గదిలో నోట్లో బూరె పెట్టుకుని మాట్లాడుతోంది.

నమోదు 5

దొంగ దొరికాడనుకున్నాను.

మోడలరు ఆంప్లిఫయరు గొంతునే కాదు, పాత స్పీకరు పెట్టె గొంతుని కూడా నటిస్తుంది. చెవికి నేరుగా పంపేటప్పుడు ఆ నటన కావాలి. ఎదురుగా నిజం పెట్టె ఉన్నప్పుడు అక్కర్లేదు. రెండూ ఉంటే పెట్టెలో పెట్టె పెట్టి మూత వేసినట్టే, శబ్దం ముద్దవక ఏమవుతుంది? ఈ పని చేసే ప్రతి బడుద్ధాయీ మొదట చేసే పొరపాటు ఇదే. చామంతి కూడా చేసే ఉంటుందని, ఒక చిన్న ఉపన్యాసం తయారు చేసుకుని మరీ వెళ్ళాను.

ఆవిడ దాన్ని మొదటి రోజే ఆపేసి ఉంచింది. ఉపన్యాసం మింగేసి ఇంటికొచ్చాను.

నమోదు 6

పెట్టెని ఇనుప నేల మీంచి ఎత్తి రబ్బరు ముక్కల మీద పెట్టాను. గోడకి దూరం జరిపాను. వైరు మార్చాను. గిటారులో తీగల కింద ఉండే పికప్పుని కాస్త దించాను. ప్రతిదానికీ వెంట్రుకవాసి తేడా వచ్చింది. వెంట్రుకలన్నీ కలిపినా పిలక కాలేదు.

మధ్యాహ్నం అన్నం అక్కడే తిన్నాం. ఈ గాలిలో వేడి నిలవదు. కంచంలో పెట్టింది నోటికి వచ్చేలోపే చల్లారుతుంది. చివర్లో చామంతి ఒకటే అడిగింది, షెడ్డులో పనికి చేతి తొడుగులు ఇస్తారా అని. ఇస్తారు, చిల్లులు పడ్డవి ఇస్తారు అన్నాను. వెటకారం చేసే సమయం కాదని ఆవిడ మొహం చూశాక తెలిసింది. ఆవిడ వేళ్ళు కంచం అంచుని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. నాకు భయమేసింది.

నమోదు 7

ఇవాళ్టి పరీక్ష వల్ల నా బుర్ర ఇంకా వేడెక్కింది.

అదే గిటారుని, అవే మీటల్ని పెట్టెకి కాకుండా నేరుగా నా బిళ్ళలోకి పంపుకున్నాను. పెట్టె నటనని మళ్ళీ తెరిచాను, అంతే తేడా. శబ్దం అద్దంలా ఉంది. ప్రతి తీగా విడివిడిగా వినబడింది. అంటే గిటారు మంచిది, మోడలరు మంచిది, చామంతి చేతులు మంచివి. తప్పు పెట్టెది.

స్టోరులో ఉన్న రెండో పెట్టె బిగించాను. అదీ ముద్దే. పైనుంచి పంపినవాళ్ళు రెండూ చచ్చు పెట్టెలే పంపారని, లోతువలస వాళ్ళకి ఏం తెలుస్తుందిలే అనుకుని ఉంటారని జోగినాయుడికి చెప్పాను. ఆయన పైవాళ్ళని చాలాసేపు తిట్టాడు. తిట్టడంలో మాత్రం మా ఇద్దరికీ బాగా కుదిరింది.

ఒక్క విషయం మింగుడు పడలేదు. పెట్టె పక్కనే కూర్చుని డప్పు కొడితే శుభ్రంగా వినబడుతోంది. తోలు బిగించిన తుడుము కూడా అంతే. హాలు వాటికి మంచిదై గిటారుకి చెడ్డదెలా అయింది?

నమోదు 8

ఎడమ చెవిలో పొక్కు లేచింది. ఊరందరి గులిమీ తీసే నాకే చెవి చెడింది, నవ్వేవాళ్ళు నవ్వండి. ఆరోగ్య గదిలో తవిటమ్మ మందు చుక్కలిచ్చి, తగ్గేదాకా ఆ చెవికి బిళ్ళ పెట్టొద్దంది. పెద్ద దూది ఉండ కుక్కి పంపింది.

ఉత్త చెవితో నలుగురిలో తిరగడం మా దగ్గర చాలా తప్పు. ఎదుటివాడి బాతు గొంతు వినడమంటే అతన్ని బట్టల్లేకుండా చూడటంతో సమానం. బిళ్ళ కడుక్కోవాలన్నా తలుపేసుకుని కడుక్కుంటాం. కడిగేటప్పుడు నోరు మూసుకోవాలని పిల్లలకి మాటలు రాకముందే నేర్పుతాం. నేనూ చామంతీ పడుకునేటప్పుడు కూడా బిళ్ళలు తీయం. పెళ్ళయినవాళ్ళు తీస్తారని కొందరు గుసగుసలాడతారు గానీ, అలాంటి సిగ్గుమాలినవాళ్ళు ఎవరో నాకు తెలియదు.

నమోదు 9

హాల్లో మందు చుక్కలు వేసుకోవడానికి దూది తీశాను. చామంతి అటు తిరిగి ఉంది. నన్ను చూడకుండానే ఒక వరస మీటింది.

కుడి చెవిలో ముద్ద. ఎడమ చెవిలో అద్దం.

ఆవిడ ఇటు తిరిగి ఏదో అనబోతుంటే గబుక్కున దూది కుక్కుకున్నాను. చుక్క మందు మెడ మీంచి కారింది. మళ్ళీ మీటమన్నాను, మాట్లాడకుండా మీటమన్నాను. దూది తీశాను, పెట్టాను. కుడి బిళ్ళ తీశాను, పెట్టాను. ఇన్నాళ్ళుగా నేను తిట్టిన పెట్టెలో తప్పు లేదు, హాల్లో తప్పు లేదు. తప్పు నేను రోజూ తుడిచి, సరిచేసి, అందరి చెవుల్లో పెట్టి పంపే బిళ్ళలో ఉంది.

బిళ్ళకి తెలిసింది ఒకటే పని, విన్న ప్రతిదాన్నీ బాతు గొంతనుకుని కిందికి దించడం. డప్పు కడుపులో ఉన్నదీ హీలియమే కాబట్టి దాని గొంతూ పైకి లేస్తుంది, దించితే సరిపోతుంది. స్పీకరు లోపలి అట్టని మాత్రం కరెంటు ఆడిస్తుంది. గాలి ఏదైనా దానికి ఒకటే. లేవని గొంతుని దించితే ముద్దే అవుతుంది. చెవికి నేరుగా వచ్చే పాటని బిళ్ళ ముట్టుకోదు. అందుకే అది బాగుంది. ఇంతకుముందు గాల్లో స్పీకరు మోగింది సైరను కోసమే. సైరను ముద్దగా ఉందని ఎవడు ఏడుస్తాడు?

ఇంత చిన్న విషయం శబ్దం పని చేసేవాడికి ఎందుకు తట్టలేదని సంఘం అడగొచ్చు. చెవికి కళ్ళజోడు పెట్టుకుని పుట్టినవాళ్ళం, కళ్ళజోడు ఉందని మనకి గుర్తుంటుందా అని జవాబు. నాకే నచ్చలేదు ఈ జవాబు.

నమోదు 10

గిటారు గొంతుని ముందే పైకి లేపి పంపితే బిళ్ళ దించాక సరిపోతుంది కదా అనుకున్నాను. లేపాను. అంత పై స్వరాలు పలికే సత్తా ఈ పెట్టెకి లేదు. బుసబుసలాడి ఊరుకుంది. పోనీ, దించకుండా ఉండమని బిళ్ళని ఆపేస్తే? ఆపితే అది చెవికి బిరడా అయి కూర్చుంటుంది, ఏమీ వినబడదు.

అంటే మిగిలింది ఒకే దారి. ఊరంతా బిళ్ళలు తీసి కూర్చోవాలి.

పండుగ ముంచుకొస్తోంది. ఈ మాట సంఘంలో చెప్పడానికి నేను మొదటిసారి చొక్కా ఇస్త్రీ చేసుకున్నాను.

నమోదు 11

చెప్పాను. సంఘం మొహం చూడాలి. నేను అందరి బట్టలూ విప్పమన్నట్టు కొందరు ఒళ్ళో చేతులు ముడుచుకున్నారు. గిటారు లేకుండా చేసుకుందామన్నాడొకడు. పాట లేకుండా ఉత్త గిటారుతో ఆడదామంది ఇంకొకావిడ. డ్రమ్ములకి గది ఎలాగూ కావాలి కదా అని మూడోవాడు అసలు సంగతి బయటపెట్టాడు. జోగినాయుడు కర్ర నేలకేసి కొట్టాడు.

"ఆడోళ్ళు, మొగోళ్ళు, పిల్లలు అందరం ఒక్కకాడ కూకుని బిళ్ళలు తీసీడమేటి? సిగ్గూ శరం ఏటీ లేదేటి మనకి?"

అప్పుడు వెనక వరసలోంచి చామంతి లేచింది. ఆవిడని ఎవరూ పిలవలేదు.

"నాను ముందల పాడతాను బాబాయ్. నా గొంతు ఇన్నాక మరెవలికీ సిగ్గుండదు."

ఒక మనిషి తనంతట తాను అంత మాట అన్నాక, కాదనాలంటే ఆవిడ కన్నా పెద్ద మాట కావాలి. అది సంఘంలో ఎవరి దగ్గరా లేదు. గొణుక్కుంటూ ఒప్పుకున్నారు. ఇంటికి వెళ్ళే దారిలో నేనూ గొణుక్కున్నాను.

నమోదు 12

అంత అవసరం లేదని చెప్పాను. అందరూ బిళ్ళలు తీసినా, ఆవిడ గొంతు మైకులో పట్టి, నేను సరిచేసి పెట్టెలోంచి పంపగలను. అసలు గొంతు ఎవరికీ వినబడదు. పని కూడా పెద్దది కాదు, ఒక వైరు, ఒక మీట.

చామంతి తీగలకి నూనె రాస్తోంది. రాయడం ఆపి నా వైపు చూసింది.

"అందరి బిళ్ళలూ ఊడదీయించి, నానొక్కదాన్ని దొంగగొంతుతో పాడాలేటి?"

ఇందులో దొంగతనం ఏముంది, ఇన్నాళ్ళూ విన్నదీ సరిచేసిన గొంతే కదా అన్నాను. అప్పుడు అందరూ కప్పుకున్నారు, ఇప్పుడు అందరూ విప్పుతున్నారు, అదీ తేడా అంది. ఈవిడతో వాదించడం కన్నా గులిమి తీయడం నయం. సరే నీ ఇష్టం అన్నాను.

నూనె గుడ్డ మడతపెడుతూ అంది. "ఒక్కటే అడుగుతాను మావా. ఊరంతా నవ్వినా నాకు పర్లేదు. నువ్వు నవ్వకు."

నేనా? శబ్దమే నా బతుకు, గొంతు ఎందుకు అలా అవుతుందో ఊళ్ళో తెలిసినవాడిని నేనొక్కడినే, నేనెందుకు నవ్వుతానన్నాను. నవ్వేది తెలివితక్కువ జనం అని కూడా అన్నాను.

నమోదు 13

పండుగ రోజు. హాలు పొద్దున్నే నిండింది. గుమ్మం దగ్గర పళ్ళేలు పట్టుకుని నిలబడ్డాం. జనం బిళ్ళలు తీసి పళ్ళెంలో వేస్తూ, పెదాలు బిగించి లోపలికి వెళ్ళారు. తల్లులు పిల్లల నోళ్ళు చేత్తో మూశారు. అంతమంది ఉన్న చోట అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. నేను మీటల బల్ల దగ్గర, ఆవిడకి ఎదురుగా కూర్చున్నాను. చెవి పొక్కు తగ్గింది. రెండు చెవులూ ఉత్తవే.

చామంతి వాయించింది. తీగ తర్వాత తీగ, ఏదీ దేని మీదా పడకుండా, హాలు ఆ చివరిదాకా వెళ్ళింది. ఇన్ని రోజుల తిప్పలూ, ఇన్ని మీటలూ ఎందుకో అప్పుడు తెలిసింది. వంచుకున్న తలలు ఒక్కటొక్కటీ లేచాయి. నాకు గర్వంగా ఉంది. నా భార్య అని గర్వం, దారి నేను కనిపెట్టానని ఇంకాస్త ఎక్కువ గర్వం.

ఆ వరస ముగించి, ఒక అడుగు ముందుకేసి, ఆవిడ నోరు తెరిచింది.

అలా ఉంటుందని నాకు తెలుసు. లెక్క ప్రకారం తెలుసు. కానీ ఆ మొహంలోంచి, రోజూ నా పక్కన తినే మనిషి మొహంలోంచి, సబ్బు మీద కాలు జారిన బాతు అరుపు వచ్చింది. దిగినామమ్మా దిగినామని పాడుతోంది, ఎంతో గంభీరంగా, కళ్ళు మూసుకుని. నవ్వు ఆపుకోలేకపోయానని రాస్తే అబద్ధమవుతుంది. ఆపుకోవాలన్న ఆలోచన రాకముందే నవ్వేశాను. ఊరు ఇంకా పెదాలు బిగించుకునే ఉంది. ఆ హాల్లో మొదటి నవ్వు నాది.

నా నవ్వూ ఉత్త నవ్వే కదా. అది ఎలా ఉందో నేను విన్నాను, ఊరూ విన్నది. తరవాత హాలంతా విరగబడి నవ్వింది. వాళ్ళు నన్ను చూసి నవ్వారో, ఆవిడని చూసి నవ్వారో తేల్చుకోవడానికి ప్రయత్నించాను. నన్ను చూసే అయితే బాగుండునని నా ఆశ. అది ఆవిడకి అనవసరం. కళ్ళు తెరిచి, అంతమందిలో నన్నొక్కడినే చూసింది. పాట ఆగిపోయింది.

చేతులు ఆగలేదు. వరస మళ్ళీ మొదటికి తెచ్చి వాయిస్తూనే ఉంది. బొట్టు కన్నీరు లేదు. పెదవి మాత్రం పళ్ళ కింద పెట్టుకుంది. నవ్వు నెమ్మదిగా చచ్చింది. లేచి ఏమైనా చేయాలనిపించింది, ఏం చేయాలో తెలియలేదు, మీటల మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. అప్పుడు జోగినాయుడు లేచాడు. కర్ర పక్కన పెట్టి, కుంటుకుంటూ నడిమధ్యకి వచ్చి, ఆవిడ ఎక్కడ ఆపిందో అక్కడి నుంచి ఎత్తుకున్నాడు. ఆయన గొంతుతో పోలిస్తే చామంతిది ఎంతో నయం. ఆయన ఎవరివైపూ చూడలేదు, ఆపలేదు కూడా. సిగ్గూ శరం అని కర్ర కొట్టిన మనిషేనా ఈయన అనిపించింది. రెండో చరణానికి నలుగురైదుగురు లేచారు, ఆ తరవాత వరసలు వరసలుగా లేచారు. ఒకరి నడుము వెనక ఒకరు చేతులేసుకుని, బాతుల్లా అరుస్తూ, తమని చూసి తామే నవ్వుకుంటూ గొలుసు కట్టారు.

అడుగులు ఒకేసారి పడ్డాయి. ఇనుప నేల ఒకే దెబ్బగా మోగింది. చామంతి కూడా వాళ్ళతో కలిపి పాడింది. నా వైపు మళ్ళీ చూడలేదు.

నమోదు 14

లోపం సరిచేసినందుకు సంఘం నన్ను మెచ్చుకుంది. పాటల గది పాటలకే ఉంటుంది, డ్రమ్ములు ఇంకెక్కడైనా పెట్టుకుంటారు, షెడ్డు ఊసు ఎవరూ ఎత్తలేదు. జోగినాయుడు నాతో ఒక్క మాటే అన్నాడు, ఇంటికెళ్ళరా అని.

వెళ్ళాను. హాలు గుమ్మంలో పళ్ళేలు అప్పటికే ఖాళీ అయ్యాయి, అందరూ ఎవరి బిళ్ళలు వాళ్ళు పెట్టుకున్నారు, నేనూ పెట్టుకున్నాను. చామంతి పెట్టుకోలేదు. ఇంట్లో మంచం మీద కూర్చుని ఉంది, బిళ్ళలు పక్కన పెట్టి ఉన్నాయి. ఉత్త చెవులతో నా వైపు తిరిగింది. నాకు ఒళ్ళు ముడుచుకుపోయింది.

దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చాను. హీలియం గురించి, నవ్వు మనిషి చేతిలో ఉండదని, చివరికి అంతా మంచికే జరిగిందని. మొదలుపెట్టబోతుంటే ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"బిళ్ళ తీసి సెప్పు."

తీశాను. తీసేసరికి కూర్చుకున్న మాటలన్నీ పోయాయి. తప్పయింది అన్నాను, క్షమించు అన్నాను. నా గొంతు నాకు మొదటిసారి వినబడింది. కిచకిచమంటూ, తెరలు తెరలుగా, ఒక్క అక్షరం నిలకడగా లేకుండా ఉంది. ఊళ్ళో అందరి గొంతుల్నీ, చేతల్నీ వెక్కిరించిన మనిషి గొంతు అది. పొట్ట చెక్కలయ్యేలా నవ్వొచ్చు ఎవరైనా. నవ్వుతుందని చూశాను. నవ్వితే మేమిద్దరం సరిసమానం అయిపోతాం, అంతటితో పోతుంది అనుకున్నాను.

చామంతి నవ్వలేదు. కాస్త ముందుకి వంగి, ఏదో అంది. ఆ గొంతులో మాట పట్టుకోవడానికి నాకు కొంత సమయం పట్టింది. మళ్ళీ చెప్పమంటోంది.

చెప్పాను. ఆవిడ అడిగింది వెటకారంగా కాదు, నిజంగానే సరిగ్గా అర్థం కాలేదట, ఈ గొంతుకి చెవి ఇంకా అలవాటు పడలేదట. మెల్లగా చెప్పమంది. మెల్లగా చెబితే ఇంకా దరిద్రంగా ఉంది. అయినా చెప్పాను. బిళ్ళ పెట్టుకోవడానికి చెయ్యి చెవి దాకా వెళ్ళింది, ఆవిడ చూస్తోందని దించేశాను. తెలుగులో అంత చిన్న మాట చెప్పడానికి ఇంత కష్టపడాలని నాకు ఎప్పుడూ తెలియదు. అర్థమైందని ఆవిడ ఇంకా అనలేదు. మళ్ళీ చెప్పడానికి వెళ్తున్నాను.